ఇంటి ఓనరు కారు తాళంలో నా పీహెచ్‌డీ

నా పీహెచ్‌డీ మొత్తం ఒకరోజు పొద్దున్నే మా ఇంటి ఓనరు కారు తాళంలో దూరి సరూర్‌నగర్‌కు షికారు వెళ్లింది. ఆ సంగతి తెలియని నేను ఎల్బీనగర్‌లో ఒక బ్యాటరీ కంపెనీవాళ్ల ముందు కూర్చుని నా గొప్పలు చెప్పుకుంటున్నాను. మీరు హాయిగా నవ్వుకోండి. ఆ రోజు నా గుండె మాత్రం మిక్సీ జారులో పడ్డ గోలీలా కొట్టుకుంది.

నాది మెటీరియల్స్ కెమిస్ట్రీ. అంటే ఒక పొడిని ఇంకో పొడితో కలిపి, కొలిమిలో కాల్చి, ఏమీ రాలేదని రాసుకుని, మళ్లీ కలపడం. లిథియం బదులు సోడియంతో నడిచే బ్యాటరీ కోసం నేను చేసిన పొడి, ఎన్నెన్నో సార్లు మాడి మసయ్యాక, చివరికి కుదిరింది. దాన్ని రూపాయి బిళ్లలాంటి స్టీలు డబ్బీలో బిగించి సెల్ చేశాను. నిలకడగా పనిచేసినవాటిలో మిగిలింది అదొక్కటే.

పట్టా వచ్చాక మాలాంటివాళ్లకు దారులు నాలుగు. ఒకటి, పోస్ట్‌డాక్ పేరుతో ఇంకో ప్రొఫెసరు కింద మళ్లీ పరిశోధన. రెండు, రంగులదో టైర్లదో బ్యాటరీలదో కంపెనీ. మూడు, సొంత కంపెనీ. దానికి బాగా ఉన్న మామగారు కావాలి, నాకింకా పెళ్లే కాలేదు. నాలుగు, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటరు. ఈ నాలుగో దారి తలుచుకుంటేనే నాకు చెమటలు పడతాయి. నానోకణాల మీద బ్రహ్మాండంగా పనిచేసిన మా సీనియర్ ఇప్పుడక్కడ మైకు పట్టుకుని మూలకాల పట్టికను పాటగా పాడిస్తున్నాడు. మా మేనమామకూ అలాంటి సెంటరొకటి ఉంది. ఆయన నా పేరుతో ఫ్లెక్సీ కూడా డిజైన్ చేయించాడు. అందులో నా ఫొటో చుట్టూ మంటలు.

అలాంటి సమయంలో బ్యాటరీ కంపెనీ నుంచి పిలుపొచ్చింది. "మీరు చేసిన సెల్ ఒకటి తీసుకురండి, ఇక్కడే పరీక్షించి చూద్దాం" అన్నారు. మా ప్రొఫెసరు అనుమతితో దాన్ని ముందురోజు సాయంత్రమే మన్సూరాబాద్‌లో మేము కిరాయికుంటున్న ఇంటికి తెచ్చుకున్నాను.

గుమ్మంలోనే ఓనరు బాల్‌రెడ్డి అంకుల్ ఆపాడు.

"ఏం డాక్టర్ సాబ్! బ్యాటరీల డాక్టర్‌వి గద, నా కారు తాళం సచ్చింది. జర సూడరాదు."

"సెల్ అయిపోయిందంకుల్. కొత్తది తెచ్చి పొద్దుగాల ఏస్త."

"మందులియ్యని డాక్టర్‌వైనా అక్కరకొస్తున్నవ్ తీ!"

ఇక్కడొక విషయం చెప్పాలి. మేము ల్యాబులో బిగించే డబ్బీ, కారు తాళాల్లో వేసే బజారు సెల్, రెండూ ఒకే కొలత. సెల్‌కు రెండువైపులా ఒకేసారి లోహం తగిలితే పాడవుతుందని మేము పసుపు టేపు చుట్టి దాచుకుంటాం. అంకుల్ డబ్బుతో ఆ సాయంత్రం కొనితెచ్చిన బజారు సెల్ అట్టలో భద్రంగానే ఉంది. కానీ నా చేతులు ఊరుకుంటేగా! అట్ట చించి, దానికీ శ్రద్ధగా టేపు చుట్టి, నా సెల్ పక్కనే పడుకోబెట్టాను. ప్రపంచంలో ఇంకెవరైనా ఆ పని చేస్తారా చెప్పండి. పొద్దున చూస్తే కవలపిల్లలు. ఇంటర్వ్యూ జవాబులు వల్లె వేసుకుంటూ ఒకదాని టేపు పీకి తాళంలో నొక్కి అంకుల్‌కిచ్చాను, రెండోది జేబులో వేసుకుని బయలుదేరాను.

కంపెనీలో తెల్లకోటు వేసుకున్న మేడమ్ ఒకావిడ, మాటలో విజయవాడ వినిపిస్తోంది, మీటరు ముందు కూర్చోబెట్టింది. నేనే టేపు తీసి, సెల్‌ను పట్టకారుతో బోర్లా పెట్టాను.

"మూడు వోల్టుల పైనే చూపిస్తోందండీ! సోడియంకి ఇంత నిలకడా?"

"నేను వేసిన కార్బన్ పూత మహిమ మేడమ్."

"ఛార్జ్ చేసి చూద్దామా?"

"నిశ్చింతగా చేయండి. వందలసార్లు చేయొచ్చు!"

కాసేపటికి ఆవిడ ముందుకు వంగింది. "ఏవండీ, దీని పొట్ట ఉబ్బుతోందేంటి?" అంటూ గబుక్కున కరెంటు ఆపేసింది. సెల్‌ను తిరగేసి చదివి, నెమ్మదిగా అడిగింది.

"ఈ కంపెనీ పేరు కూడా మీ ల్యాబులోనే చెక్కారా?"

ఛార్జ్ చేయకూడని బజారు సెల్ అది! ఫ్లెక్సీలో మంటలు కళ్లముందు లేచాయి. మరి నాది? ఫోన్ తీశాను.

"అంకుల్! కారు తాళం ఏడున్నది?"

"చేతిలనే ఉన్నది. సరూర్‌నగర్ల ప్లాటు సూసొచ్చి కారు కడుగుతున్న."

"పైపు బంద్ చేయిండ్రి అంకుల్!"

"ఎందుకు? నీళ్లు నీయా?"

"తాళంల నా సెల్ ఉన్నది!"

"నీదెట్లైతది? పైసలిచ్చింది నేను!"

"అది వేరే సెల్. దాని లోపట సోడియం ఉన్నది. డబ్బీ ఊడి తడి తగిల్తే మండుతది!"

అటువైపు పైపు కిందపడ్డ చప్పుడు. "అరే! నా చేతిల బాంబు పెట్టినవా?"

"ఇసిరేయకుండ్రి అంకుల్! అది నా పీహెచ్‌డీ! పొడి తువ్వాలల సుట్టి ఎల్బీనగర్ పట్టుకరాండ్రి, మీ కాళ్లు మొక్కుత!"

ఆయన వచ్చేలోగా నేను మనసులో కోచింగ్ సెంటర్‌లో చేరి, మైకు పట్టుకుని, గొంతు కూడా పోగొట్టుకున్నాను. చివరికి కారు వచ్చింది. పక్క సీట్లో తువ్వాలు మూట, దానికి సీటు బెల్టు.

మేడమ్ తాళం విప్పి, నా సెల్‌ను మీటరుకు తగిలించింది. ముల్లు కదిలే దాకా నేను ఊపిరి తీసుకోలేదు. కదిలింది, నిలబడింది కూడా.

"పొద్దుట్నుంచి దీన్ని బాగా వాడారాండీ?" అని అంకుల్‌ను అడిగింది.

"వాడుడేందమ్మా! కొత్త సెల్లని గల్లీల అందరికి సూపిచ్చుకుంట నొక్కుతనే ఉన్న."

ఆవిడ నవ్వాపుకుంటూ నావైపు తిరిగింది. "మా పరీక్షకంటే పెద్ద పరీక్షే పెట్టారీయన. మీ మెటీరియల్ బాగుందండీ, చేరండి. కానీ కొన్నాళ్లు మీ చేతికి టేపు మాత్రం ఇవ్వం."

నేను ఆనందంతో నోరు తెరిచేలోపే అంకుల్ అడ్డుపడ్డాడు. "గదంత మంచిగనే ఉన్నది. నా తాళంల ఇప్పుడేమున్నది?"

ఏమీ లేదు. ఉబ్బిన సెల్ ఇసుక బకెట్‌లో ఉంది. దాంతో శాస్త్రవేత్తగా నా మొట్టమొదటి పని, ఎండలో ఎల్బీనగర్ చౌరస్తా దాకా నడవడం అయింది.

"ఏ సెల్ కావాలన్నా?" అన్నాడు దుకాణదారు.

"నేను తయారుచేయనిది ఏదైనా సరే."

ఇందుమూలంగా సమస్త కొలిముల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: అట్టలో ఉన్నదాన్ని అట్టలోనే ఉంచుతాను. ఓనరు తాళం ఏడ్చి మొత్తుకున్నా, దాని నాడి ఇక పట్టను.