మంగళం గీసిన బాణాలు

తట్టాంచావడిలోని చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో సుధ పని, ఫ్యాక్టరీ యంత్రాలకు తెరలు రూపొందించడం. ఏ బటన్ ఎక్కడుండాలో, నొక్కితే ఏం జరగాలో ఆమే తేలుస్తుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ పని ఇద్దరిది, సుధదీ ఆమె స్నేహితురాలు మంగళందీ. మంగళం యూఎంఎల్ అనే బొమ్మల భాషలో యంత్రం ఒక్కో స్థితికి ఒక్కో గడి గీసి, గడికీ గడికీ బాణాలు వేసేది. ఆ గడులను సుధ తెరలుగా మార్చేది. ఒకే బల్ల, ఒకే క్యారియర్‌లో అన్నం, పొద్దుగూకేదాకా వాదన. పెళ్ళయ్యాక మంగళం మానేసి, అరియాంకుప్పంలో భర్తతో కలిసి విత్తనాల అంగడి పెట్టుకుంది. ఆ కుర్చీలోకి తర్వాత చాలామంది వచ్చారు గాని, సుధతో అంత ఇష్టంగా పోట్లాడినవాళ్ళు లేరు.

మొన్న బిస్కెట్ పొట్లాలు కట్టే యంత్రానికి సుధ తెర చేసింది. ‘ఆపు’ నొక్కితే ‘నిజంగా ఆపాలా?’ అని అడిగేలా పెట్టింది. అందరూ వాడే డిజైన్ ప్యాటర్నే అది. పొరపాటున నొక్కినవాళ్ళను కాపాడుతుంది. పరీక్షించే రోజు ఒక పొట్లం ఇరుక్కుంది. యంత్రం నడిపే పూంగావనం ‘ఆపు’ నొక్కింది. తెర అడిగిన ప్రశ్నకు జవాబిచ్చేలోగా వెనకున్న పొట్లాలన్నీ నలిగి పొడైపోయాయి. ప్రశ్న ఉంచాలో తీసేయాలో సుధకు తేలలేదు. శనివారం అరియాంకుప్పం బస్సెక్కింది.

“ఏందే, ఇంత దూరం వచ్చినావు? ఫోన్ చేసుంటే చాలదా?” అంది మంగళం.

“ఫోన్‌లో నీతో కొట్లాడేదానికి కుదరదే.”

సంగతి విని మంగళం ఒక అట్టముక్క తిప్పి గడులు గీసింది. పెన్ను మూత అప్పటిలాగే పళ్ళ మధ్య పెట్టుకుంది.

“ఆపేదానికి ఏంటికే అడుగుతావు? అన్ని గడుల నుంచీ నేరుగా ఆపు గడికి బాణం పోనీ. మళ్ళా మొదలుపెట్టేటప్పుడు అడుగు. లోపల ఎవురి చెయ్యి యాడుందో!”

“ఊరికే చెయ్యి తగిలి ఆగిపోతే?”

“ఆగనీ. చెయ్యి నలిగితే కదా కష్టం!”

వాదన సాగుతూనే ఉంది. బెండ విత్తనాలకు వచ్చిన రైతు అరుగు మీద కూర్చుని వింటూ ఉండిపోయాడు.

చివరికి మంగళం చెప్పినట్టే సుధ తెర మార్చింది. రెండోసారి పరీక్షలో పూంగావనం ‘ఆపు’ మీద వేలు పెట్టగానే యంత్రం ఆగింది.

“మళ్ళా పనికి రావే,” అని సుధ ఫోన్లో అడిగింది.

“అంగడి ఎవురు చూస్తారే? నువ్వే రా, బస్సుంది కదా,” అని మంగళం నవ్వింది.

తర్వాతి శనివారం సుధ ఇంకో తెర బొమ్మ పట్టుకుని వెళ్ళింది. నిజానికి అందులో చిక్కేమీ లేదు.