డైనమో విప్పిన రోజు

పోయిన వారం పొద్దున్నే షాబాద్ నుంచి బావమరిది ఫోన్ చేశాడు. "బావా, బాపు పోయిండు. ట్రాక్టర్ కాడనే కూలవడ్డడు" అన్నాడు. తెలియకుండానే నా చెయ్యి దవడ మీదికి వెళ్లింది. పన్నెండేళ్ల కింద దాన్ని విరగ్గొట్టింది ఆ బాపే, మా మామ.

మా పెళ్లి ఆయనకు ఇష్టం లేదు. మేం మొయినాబాద్‌లో కిరాయి ఇంట్లో దిగిన నాలుగో రోజు తలుపు తన్నుకుని లోపలికి వచ్చాడు. చేతిలో బోల్టులు విప్పే ఇనుప పానా. ఒక్క దెబ్బకే పడిపోయాను. పడ్డాక పక్కటెముకల మీద తన్నాడు. నా భార్య అడ్డం వస్తే జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. ఆమె నుదుటి నుంచి రక్తం కారడం చూసి ఆగాడు. "నా బిడ్డ సచ్చిందనుకుంట" అని వెళ్లిపోయాడు. నెలన్నర గంజి తాగి బతికాను. భయపడి కేసు పెట్టలేదు.

రెండేళ్ల తర్వాత మా పాత కారులో ఆల్టర్నేటర్ పోయింది. బ్యాటరీకి కరెంటు ఎక్కించే ఆ భాగాన్ని మా దగ్గర ఇంకా డైనమో అనే అంటారు. నా భార్యకు అప్పుడు ఎనిమిదో నెల. చేవెళ్ల దవాఖానకు కారులోనే తీసుకెళ్లాలి. బావమరిదితో ఈ సంగతి అన్నాను, అంతే. మర్నాడు పొద్దున మామ ఒక్కడే, గోనెసంచిలో కొత్త డైనమో పట్టుకుని గేటు ముందు నిలబడ్డాడు.

నా భార్య కత్తిపీట ఎత్తి పట్టుకుంది. "ఇంట్ల అడుగు వెడితే నరుకుత."

"ఇంట్లకు వస్తలేను బిడ్డా. కారు కాడికి వచ్చిన."

ముందు బ్యాటరీ వైరు విప్పాడు. బెల్టు తీశాడు. కింది బోల్టు తుప్పు పట్టి కదల్లేదు. బూతులు తిడుతూ పానా మీద సుత్తితో బాదాడు. ప్రతి దెబ్బకూ నేను ఉలిక్కిపడ్డాను. పానా జారి ఆయన వేళ్ల కణుపులు చీరుకుపోయాయి. ఇంజన్ మీద రక్తం చుక్కలు చుక్కలుగా పడింది.

"నువ్వు తిప్పు" అని పానా నాకిచ్చాడు. బానెట్ కింద ఆయన తల వంగి ఉంది. పానా నా చేతిలో ఉంది.

తల ఎత్తకుండానే అన్నాడు: "కొట్టాలంటే కొట్టు. అడ్డం రాను."

చివరికి పానా బోల్టుకే పెట్టాను. కిర్రుమని కదిలింది.

కొత్తది బిగించాక బెల్టును బొటనవేలితో ఒత్తి చూపించాడు. "జర లొంగాలె. మస్తు బిగిస్తే లోపల బేరింగు పోతది." ఇంజన్ అందుకుంది, బ్యాటరీ లైటు ఆరింది. ఆయన చేతి నుంచి రక్తం ఇంకా కారుతూనే ఉంది. నా భార్య కిటికీలోంచి పాత గుడ్డ ఒకటి విసిరింది. ఇవ్వలేదు, విసిరింది.

ఆ తర్వాత రెండు మూడు నెలలకోసారి వచ్చేవాడు. కారు చూసేవాడు, గేటు దగ్గరే నిలబడి చాయ్ తాగేవాడు. తప్పయిందని ఒక్కసారీ అనలేదు. నాకు మాత్రం కారు పని మొత్తం నేర్పాడు. అందుకు ఆయనకు రుణపడి ఉన్నాను. ఆ మాటంటే నా భార్య, "నువ్వు మాఫ్ చేసినవేమో. నేను చెయ్యలే" అనేది.

పోయిన వారం షాబాద్ వెళ్లాక ఆమె ముందు కారు దిగలేదు. పాడె లేచి, డప్పులు మోగాక చెప్పులు విడిచి దిగింది. చుట్టాలు పిలిచినా ముందుకు రాలేదు. పాడెకు పది అడుగుల వెనక, అంత్యక్రియలు జరిగే చేను దాకా ఒక్కతే నడిచింది. ఆ దూరాన్ని తగ్గనీయలేదు, పెరగనీయలేదు.