గుమ్మం దాటని పందిరిమంచం

ఈ దీవుల్లో, బతు బస్తీ అనే పేటలో, మా ఇంటి పక్కన ఈమధ్య ఒక వడ్రంగి షెడ్డు వేసుకున్నాడు. వాన పడినప్పుడల్లా అక్కడి పడాక్ అనే ఎర్ర కలప పొట్టు తడిసి, ఎర్రటి నీళ్ళు మా గేటు ముందు నుంచి కాలువ కట్టి పోతాయి. ఆ తడి చెక్క వాసన తగిలితే చాలు, చేతిలో పని వదిలేసి నిలబడిపోతాను. నాకు సుగుణ టీచర్ ఇల్లు గుర్తొస్తుంది. ప్లస్ టూలో మాకు బయాలజీ చెప్పింది ఆవిడే. శ్రీకాకుళం వైపు నుంచి ఉద్యోగం మీద వచ్చి ఈ దీవుల్లోనే ఉండిపోయిన మనిషి. బడిలో పాఠం హిందీలోనూ ఇంగ్లీషులోనూ సాగేది. బ్రూక్షాబాద్‌లో వాళ్ళ క్వార్టర్‌కి వెళ్తే మాత్రం నాతో తెలుగే మాట్లాడేవారు.

ఆ ఇంట్లో కుర్చీలు తక్కువ. సందేహాలు అడగడానికి వెళ్ళిన పిల్లలమంతా పందిరిమంచం ఎక్కి కూర్చునేవాళ్ళం. టీచర్ భర్త ఓడల ఆఫీసులో గుమాస్తా. సెలవు రోజుల్లో పడాక్ చెక్కతో తన చేత్తో చేసిన మంచం అది. ఇనప మేకు ఒక్కటి లేదు, అంతా చెక్క శీలల బిగింపే. వరండాలో జల్లు కొడుతోందని వానాకాలమంతా గదిలోనే కూర్చుని చేశారట. తీరా పూర్తయ్యాక చూస్తే మంచం గుమ్మం కంటే పెద్దది. ఇక్కడ వాన ఆగేదాకా ఆగితే ఏ పనీ అవదని ఆయన నవ్వేసేవారని టీచర్ చెప్పేవారు. నేను ఆ ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టేనాటికే ఆయన జ్వరంతో పోయి ఏడాది దాటింది.

ఒకసారి నాకొక సందేహం వచ్చింది. మైటోకాండ్రియాకు సొంత డీఎన్ఏ ఉంది కదా, మరి తనకు కావలసిన ప్రోటీన్లన్నీ తనే చేసుకుంటుందా? చేసుకునేవి గుప్పెడేననీ, మిగతావన్నీ బయట కణద్రవ్యంలో తయారై లోపలికి రావాల్సిందేననీ టీచర్ చెప్పారు. కణంలో ఇన్ని గదులుండగా అవి సరిగ్గా అక్కడికే ఎలా చేరతాయని మళ్ళీ అడిగాను.

"నాకూ పూర్తిగా తెలీదమ్మా. తెలుసుకుని చెప్తాను, థోడా ఆగు" అన్నారు. తెలీదనే మాటను అంత సంబరంగా చెప్పిన పెద్దవాళ్ళను నేను అంతకుముందు చూడలేదు.

ఆ సెలవుల్లో విశాఖ వెళ్ళి, తను చదివిన కాలేజీ లైబ్రరీలో కూర్చుని తెలుసుకొచ్చారు. ఓడ దిగేసరికి మాయాబందర్‌కి బదిలీ అయిందన్న కబురు కాచుకుని ఉంది. క్వార్టర్ ఖాళీ చేయాలి. మంచం విప్పి పడవకెక్కిద్దామని అందరూ అన్నారు గానీ టీచర్ ససేమిరా అన్నారు. విప్పితే చెక్క చీలిపోతుందని, మళ్ళీ అలా బిగించే చెయ్యి లేదని ఆవిడ భయం. దాన్ని ముక్కలు చేయించడం కంటే, తర్వాత వచ్చేవాళ్ళకి వదిలేసి పోవడమే నయమన్నారు. అన్నాక వంటగదిలోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

మర్నాడు సాయంత్రం, సగం కట్టిన మూటల మధ్య, నా సందేహానికి జవాబు చెప్పారు. ప్రోటీను ముందు కొసన ఒక చిన్న ముక్క ఉంటుంది. అదే చిరునామా. మైటోకాండ్రియా పై పొర మీద దాన్ని గుర్తుపట్టేవి కాచుకుని ఉంటాయి. అయితే దారి మరీ ఇరుకు. ముడుచుకున్న ప్రోటీను అందులో పట్టదు, దారప్పోగులా విప్పుకునే దూరాలి. లోపలికి చేరాక చిరునామా ముక్క తెగిపోతుంది. అక్కడ సాయం చేసే వేరే ప్రోటీన్లుంటాయి, వాటి అండతో మళ్ళీ తన రూపానికి ముడుచుకుంటుంది. విప్పుకోకపోతే ఏమవుతుందని అడిగాను. శాస్త్రవేత్తలకూ అదే అనుమానం వచ్చి, ప్రోటీనుకు ఒక మందు అంటించి ముడత విడిపోకుండా పట్టి ఉంచారట.

"చిరునామా సరిగ్గానే ఉంది. గుమ్మం దాకా వచ్చింది. అక్కడే ఇరుక్కుపోయింది" అన్నారు టీచర్. ఆవిడ చెయ్యి మంచం కోడు మీద ఉంది.

"ఆ మందు తీసేస్తే?" అన్నాను. నాకు నిజంగా తెలుసుకోవాలనే ఉంది, వేరే ఉద్దేశం లేదు.

ఆవిడ కోడు మీద చెయ్యి అలాగే ఉంచి, "తీసేస్తే లోపలికెళ్తుందమ్మా" అన్నారు. తర్వాత, పొద్దున్నే ఎవరైనా మంచి వడ్రంగిని తీసుకురమ్మని మా నాన్నకు చెప్పమన్నారు.

వడ్రంగి ఒక్కో శీల మెల్లగా తట్టి ఊడదీశాడు. చెక్క ఎక్కడా చీలలేదు. మొదటి పట్టె బయటికి రాగానే దాని కొసన ఉలితో పెట్టిన ఒక గాటు కనిపించింది. అది దిగే కోడు బెజ్జం పక్కన కూడా ఒక గాటు. రెండో పట్టెకు రెండు, దాని బెజ్జానికీ రెండు. బిగించి ఉన్నంతకాలం అవి ఎవరికీ కనబడవు. టీచర్ వాటిని వేలితో తడిమి చూశారు. "ఎప్పటికైనా విప్పాల్సొస్తుందని ఆయనకి తెలుసు" అని నేల మీద కూలబడి ఏడ్చారు.

మాయాబందర్‌లో ఇంకెవరో వడ్రంగి ఆ గాట్లు చూసుకుంటూ ఒక్క పూటలో మంచం నిలబెట్టాడని తర్వాత తెలిసింది. ఇప్పుడు నేనూ బయాలజీ టీచర్నే. పిల్లలు అడిగింది తెలియకపోతే తెలియదని చెప్పడానికి సిగ్గుపడను, అది ఆవిడ ఇచ్చిన ధైర్యమే. కానీ ఆవిడను తలుచుకుంటే ముందుగా కళ్ళముందుకొచ్చేది పాఠం కాదు. ఆ పొద్దుట, కళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయి, వడ్రంగి వైపు ముందుకు వంగి ఆవిడ అడిగిన మాట.

"మూడోది కూడా తియ్యండి భయ్యా. దానికి మూడున్నాయో లేదో చూద్దాం."