కల్లం పాకలో వేలాడిన కట్టలు

మా చిన్నప్పుడు నాయినకు గాలి సోకిందన్నారు... ఇప్పుడు అదే మాట నా గురించి అంటున్నారు. అద్దెకు తీసుకుని నేను పెట్టిన పుట్టగొడుగుల షెడ్డు పాడైందని నాకు మతి చెడిందట. డిగ్రీ చదివిన పిల్ల రోజంతా బూజు పట్టిన సంచుల మధ్య ఏం చేస్తుందని అమ్మ దిగులు. నేనేం చేస్తున్నానో మాత్రం ఒక్కరూ అడగరు. అన్నం తినమంటారు, తాయెత్తు కట్టుకోమంటారు... అంతే.

అందుకే నాయినకు గాలి సోకిందన్న ఆ వానాకాలం పదే పదే గుర్తొస్తోంది.

పినపాక వైపు అడవి అంచున మా ఊరు. ఎండాకాలం వస్తే ఊరంతా బీడీలు చుట్టే తునికాకు పనే. పొద్దున్నే అడవికి పోవడం, మధ్యాహ్నం వాకిట్లో కూర్చుని ఆకును కట్టలు కట్టడం, సాయంత్రం కల్లానికి మోయడం. కల్లమంటే ఊరి చివర చదును చేసిన నేల, పక్కన ఒక పాక. కట్టలను అక్కడ వరుసగా పరిచి ఎండబెడతారు. ఆ పనంతా చూసుకునే మనిషి కల్లేదారు. అంతవరకు అందరితో పాటు ఆకు కోసిన మా నాయిన, ఆ ఏడాదే మొదటిసారి కల్లేదారు అయ్యాడు. అమ్మ నడకే మారిపోయింది!

ఎండిన ఆకును అలాగే బస్తాలో కుక్కితే పొడి అవుతుంది. అందుకే నింపే ముందు నీళ్లు చల్లి మెత్తబరుస్తారు. తక్కువైతే విరుగుతుంది, ఎక్కువైతే బస్తాలో మక్కిపోయి కుళ్లుతుంది. బస్తాలు నింపే రోజు మబ్బు కమ్మింది. వాన పడితే కల్లమంతా పోతుందన్న భయంతో నాయిన బిందెలతో నీళ్లు గుమ్మరించి, ఆదరాబాదరాగా బస్తాలు కుట్టించాడు.

వాన పడలేదు. ఇప్పటికీ నన్ను వెంటాడేది అదే... ఆ వాన పడనే లేదు.

కొన్నాళ్లకు కాంట్రాక్టరు మనిషి ట్రాక్టరు వేసుకొచ్చి బస్తాలన్నీ మా గోడ పక్కన కుమ్మరించాడు. లోపల ఆకు నల్లగా, జిగటగా...

"నీళ్లు సల్లమంటే బర్రెను కడిగినట్టు కడిగినవేందయ్యా?"

చూడ్డానికి వచ్చిన వాళ్లంతా నవ్వారు. నాయిన పని పోయింది.

వానాకాలమంతా ఆ కుప్ప మా గోడకు ఆనుకునే ఉంది. జల్లు వెలిసినప్పుడల్లా దాంట్లోంచి ఆవిరి లేచేది... లోపల ఎవరో ఊపిరి తీస్తున్నట్టు. ఆ వాసన దుప్పట్లకు పట్టింది, నా రిబ్బన్లకు పట్టింది. నాయినకు మాట బందయింది. రోజూ ఆ కుప్పలో చెయ్యి పెట్టి ఏదో ఏరుకుని, ఖాళీ కల్లానికి పోయేవాడు.

"కల్లం కాడ గాలి సోకింది నా కొడుక్కు. లేకుంటే కుళ్లిన ఆకుతోని ఏం ముచ్చట?" అంది నాయనమ్మ. ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు చూడు, ఎంత పెద్ద గాలో అంది. మాకు మాత్రం దగ్గు ఆగలేదు.

ఒకరోజు బడి ఎగ్గొట్టి నాయిన వెనకే పోయాను. పాకలోకి తొంగిచూస్తే... పైన వాసానికి వరుసగా నల్లటి ఆకు కట్టలు నారతో వేలాడుతున్నాయి. గాలికి మెల్లగా తిరుగుతున్నాయి. వాటి కింద నాయిన గొంతుక్కూర్చుని గొణుక్కుంటున్నాడు.

"గిది గూడ సచ్చింది... గిది గూడ సచ్చింది..."

నేను గుంజ వెనక్కి జరిగాను. ఆయన తల తిప్పాడు. తిట్టలేదు.

"రా బిడ్డా. భయమెందుకు? చెవి ఇటు పెట్టు."

కుప్పలో అక్కడక్కడ చెడకుండా మిగిలిన ఆకును ఏరి, ఆరబెట్టి, కట్టలు కట్టి, ఒక్కోదాని మీద ఒక్కోలా నీళ్లు చల్లి చూస్తున్నాడు. నా చెవి దగ్గర ఒక కట్టను నొక్కాడు. పొడిగా చిటపటమంది. "దీనికింకా దూప తీరలే." ఇంకోటి నొక్కితే చప్పుడే లేదు. "ఇది మునిగి సచ్చింది. నడుమది దొరుకుతలేదు బిడ్డా."

"మరి సచ్చినయన్నీ ఎందుకు ఏలాడేసినవ్ నాయినా?"

"కండ్ల ముంగట లేకుంటే మర్సిపోత."

మరుసటి ఎండాకాలం కల్లం సమ్మయ్య చేతికి పోయింది. నాయిన కింద కట్టలు తిరగేసిన కూలీ అతను. నాయిన అతని దగ్గరికే పోయి నీళ్లు చల్లే పని అడిగాడు.

"ఏం మామా, ఈసారి గోదారి మొత్తం తెచ్చినవా?"

"లేదు అల్లుడా, దోసెడే తెచ్చిన."

కల్లమంతా ఒకటే నవ్వు. నాయిన వేపకొమ్మ ముంచి విదిలిస్తూ, వరుస వరుసకీ ఆగి కట్టను చెవికి ఆనించుకునేవాడు. జనం ఇంకా నవ్వారు. ఆ ఏడాది బస్తాలు తిరిగి రాలేదు. బాగా చేశావని ఎవరూ అనలేదు కూడా. ఆయన మళ్లీ ఎప్పుడూ కల్లేదారు కాలేదు. కానీ ఆ వేసవంతా మారు వడ్డించుకుని తిన్నాడు.

ఇప్పుడా కల్లం పత్తి చేను. పాక ఎక్కడుండేదో నాకే సరిగ్గా ఆనవాలు దొరకదు...

నిన్న నాయిన నా షెడ్డుకు వచ్చాడు. తాళ్లకు వేలాడుతున్న సంచులు, వాటి మీద పచ్చటి బూజు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇడిసిపెట్టు బిడ్డా. షెడ్డు వాపస్ ఇచ్చి ఏదన్న కొలువు చూస్కో."

ఇంకెవరన్నా అంటే ఇంత గుచ్చుకునేది కాదు. మర్చిపోయావా నాయినా అని అడగబోయాను. ఆయన చూపు సంచుల మీంచి కదలడం లేదు... మర్చిపోలేదు. భయపడుతున్నాడు.

పుట్టగొడుగులు మొలిచే గడ్డిని ఉడికించి, తడి ఆరకముందే సంచుల్లో నింపాను. తొందర. ఏ సంచిలో బూజు ఎక్కడ మొదలైందో ఒక్కోటీ చూస్తూ కూర్చున్నాను ఇన్నాళ్లూ. దాన్నే ఇంట్లో గాలి అంటున్నారు. ఆ రోజుల్లో ఓడిపోయిన మనిషికి తప్పు వెతుక్కోవడానికి కనీసం ఒక వానాకాలం దొరికేది... ఇప్పుడు అదీ ఇవ్వడం లేదు.

మీ ఇళ్లలోనూ ఇలా "గాలి సోకిన" వాళ్లుంటే, వాళ్లు నిజంగా ఏం చేసేవారో కింద రాయండి. చదువుతాను.

సోమవారం సంచులు దించి పూడ్చేస్తాను. గోడలకు సున్నం వేస్తాను. మళ్లీ గడ్డి నానబెడతాను. షెడ్డు వాపస్ ఇవ్వను.