లడ్డూ లేని గుండు

ఆ రోజుల్లో నాకు తెలియనిది ఒక్కటే: నాకు తెలియనివి కూడా ఉంటాయన్న సంగతి. చిత్తూరులో మామిడికాయల మండీలో గుమాస్తాగా చేరి రెండేళ్లయింది. పని అయిపోగానే గ్రంథాలయానికి వెళ్లి, తలుపులు మూసేదాకా కూర్చునేవాణ్ణి. అక్కడి దినపత్రికలన్నీ, పార్లమెంటు మీదున్న లావుపాటి పుస్తకాలూ చదివేసి (సగం అర్థం కాకుండానే), మరునాడు మండీలో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ దేశ రాజకీయాలు వివరించేవాణ్ణి. హమాలీలు నన్ను 'పేపరు సారు' అనేవారు. అది గౌరవమనే చాలాకాలం అనుకున్నాను.

ఆ ఏడు పార్లమెంటు ఎన్నికలు కాయల సీజన్లో వచ్చాయి. ఇద్దరు అభ్యర్థులూ సరిసమానంగా ఉన్నారని ఊరంతా అంటుంటే, నేను మాత్రం పాత ఫలితాలన్నీ నోటుబుక్కులోకెక్కించి, ఉన్న ఎంపీయే మళ్లీ గెలుస్తాడని తేల్చేశాను. హమాలీల మేస్త్రీ ఒప్పుకోలేదు. ఆయనకు సంతకం కూడా రాదు. కాయలు దించడానికి వచ్చిన ప్రతి రైతునూ "ఏమప్పా, మీ పక్క గాలి ఎట్లుండాది?" అని అడగడమే ఆయన చదువు.

"పాతాయన పోతాడు, సూడు సారూ."

"నువ్వెప్పుడన్నా పుస్తకం పట్టినావా?"

"లేదు. నువ్వెప్పుడన్నా గంప పట్టినావా?"

అందరూ నవ్వారు. ఆ నవ్వుకు ఒళ్లుమండి, ఓడినవాడు గుండు కొట్టించుకోవాలని పందెం వేశాను. ఓట్ల లెక్కింపు గురువారం. ఆదివారం నగరిలో నాకు పెళ్లిచూపులు. (అంతకుముందు రెండు సంబంధాలు, నేను అమ్మాయిలకు రాజ్యాంగం వివరించడం వల్ల తప్పిపోయాయి.) "ఇది కూడా పోతే ఇంక నీకు పిల్లను సూసే ఓపిక నాకు లేదురా" అని అమ్మ ముందే చెప్పింది.

గురువారం టీ అంగడి టీవీ ముందు అందరం చేరాం. ఒక రౌండులో పాతాయన ముందుంటే ఉపన్యాసం ఇచ్చాను. మరో రౌండులో వెనకబడితే, "ఇంకా మన మండలాలు రాలేదు" అన్నాను. మధ్యాహ్నానికి మేస్త్రీ మంగలిని పిలిపించి కూర్చోబెట్టాడు. చివరి రౌండులో పాతాయన ఓడిపోయాడు. ఆ తేడా, మండీలో ఒక పూటకు దిగే కాయలంత కూడా లేదు. మేస్త్రీకే జాలేసింది.

"పోనీలే సారూ, మీసంతో సరిపెట్టుకుందాం. ఆదివారం నీకు పనుండాది గదా."

"మాట మాటే" అని తల వంచాను. ఇది కూడా చదివిన పుస్తకాల ప్రభావమే.

నగరిలో అమ్మాయి వాళ్లది మగ్గాల ఇల్లు. నా తల చూడగానే వాళ్ల నాయన చేతులు జోడించాడు. "కొండకు పొయ్యొచ్చినారా? ఎంత పుణ్యం!" బస్సులో దారిపొడవునా సాధన చేసిన అమ్మ, "మొక్కుండాదన్నా" అనేసింది. అంతా సవ్యంగా సాగేదే. ఇంతలో వాళ్ల అవ్వ అరచెయ్యి చాపింది.

"ప్రసాదం పెట్టు నాయనా."

మా పక్క గుండుతో వచ్చినవాడు లడ్డూ లేకుండా రాడు. ఇంత చదివినవాడికి ఆ ముక్క తట్టలేదు. అవ్వ చెయ్యి అట్లాగే ఉంది. నేను నిజం చెప్పేశాను.

"ఎలక్షన్ పందేనికి గుండా? దాన్ని తెచ్చి దేవుడి మీద పెడ్తారా!" అంటూ అమ్మాయి నాయన లేచి నిలబడ్డాడు. మేం కూడా లేచాం. అప్పుడు గడపలోంచి అమ్మాయి గొంతు వినిపించింది.

"ఆ గెలిసినాయనకు నేనే ఓటేసినా నాయనా. ఈయప్ప జుట్టు పోయిందాంట్లో నాకూ పాలుండాది."

ముందు అవ్వ నవ్వింది, బోసినోటితో. తర్వాత అందరూ కూర్చున్నారు.

మా పెళ్లి ఫొటోలో నా తల మీద అరంగుళం జుట్టుంది. మొన్నటి ఎన్నికలప్పుడు ఓటరు స్లిప్పులు వెతుకుతూ, "ఆ ఏడు నువ్వు వేసిన ఓటు..." అని మా ఆవిడతో ఏదో అనబోయాను.

"యాడ ఓటు? ఆ యేడు లిస్టులో నా పేరే లేదు."

"మరి అప్పుడు అట్లా చెప్పినావే?"

"వాడిపోయిన మీ మొగం సూడలేకపోతిని."

నియోజకవర్గంలోని ఓట్లన్నీ లెక్కగట్టినవాడు, ఆ ఒక్క ఓటు పడిందో లేదో ఇన్నేళ్లు అడగనే లేదు. పాపం, ఫొటోలో మాత్రం ఎంత ధీమాగా నిలబడ్డాడో.