కాప్సూల్ మీద ముడతలు

2019 నవంబరు. కరీంనగర్‌లో నేను పనిచేస్తున్న కంటి ఆసుపత్రికి సత్తవ్వ శుక్లం ఆపరేషన్ కోసం వచ్చింది. అరవై రెండేళ్ల మనిషి. ఆ ప్రాంతంలో సాంచ అని పిలిచే మరమగ్గాల మీద భర్తతో కలిసి ముప్పై ఏళ్లకు పైగా పనిచేసింది. భర్త పోయి మూడేళ్లయింది. నీటికాసుల వల్ల ఎడమ కంటి చూపు అంతకుముందే పూర్తిగా పోయింది. మిగిలింది కుడి కన్నే.

"ఈ కంటికి ఎప్పుడైనా దెబ్బ తగిలిందా?" అని పరీక్ష చేస్తూ అడిగాను.

"ఏం తగలలే డాక్టరమ్మా. పనే నా కండ్లకు దెబ్బ."

కంటిలోని లెన్స్‌ను చుట్టూ సన్నని దారాలు పట్టి ఉంచుతాయి. వాటిని జోన్యూల్స్ అంటాం. లెన్స్‌ను కప్పి ఉండే పొర కాప్సూల్. దాన్ని సూదితో గుండ్రంగా తెరవడంతో అసలు పని మొదలవుతుంది. బిగువుగా ఉన్న పొర సూదిమొన తాకగానే తెగుతుంది. ఆపరేషన్ బల్ల మీద సత్తవ్వ కంట్లో అది తెగలేదు, గుంట పడింది. కింది వైపు ముడతలు లేచాయి. సూదితో పాటు లెన్స్ కూడా జరిగింది. వయసు వల్ల జోన్యూల్స్ బలహీనపడితే ఆ సడలింపు చుట్టూ కనిపిస్తుంది. ఒక్క పక్కనే ఉంటే పాత దెబ్బను అనుమానించాలి. తెలియనట్టు ముందుకు పోతే లెన్స్ కంటి వెనుక భాగంలోకి జారిపోవచ్చు. ఆమెకు మరో కన్ను లేదు.

సూది బయటికి తీశాను. మత్తు కంటికి మాత్రమే ఇచ్చాం, ఆమె మెలకువగానే ఉంది.

"అవ్వా, నిజం చెప్పు. ఈ కంటికి ఏం తగిలింది?"

"మాట్లాడొద్దంటివి. గిప్పుడు నువ్వే అడగవడితివి," అంది ముఖం మీది గుడ్డ కింద నుంచి. "నాడె ఎగిరొచ్చి తాకింది బిడ్డా. ఆయన నడిపే సాంచల నుంచే. పెండ్లయిన ఏడాది. దుమ్ము వడ్డదని చెప్పిన. ఆయనకు తెలిస్తె మళ్ల సాంచ ముట్టకపోతుండె."

నాడె అంటే పడుగు దారాల నడుమ అటూ ఇటూ దూసుకుపోయే, ఉక్కు మొనలున్న కొయ్య. కారణం తెలిసింది. కంట్లోకి పోయే నీటి ధార తగ్గించాను. పొరను మెల్లగా తెరిచి, దాని అంచును చిన్న కొక్కేలతో పట్టి నిలిపి, శుక్లాన్ని మామూలు కన్నా రెట్టింపు సమయం తీసుకుని తొలగించాను. లోపల కాప్సూల్ టెన్షన్ రింగ్ అనే వలయాన్ని అమర్చాక పొర బిగువెక్కింది. కొత్త లెన్స్ నడిమధ్యన నిలిచింది.

మర్నాడు కట్టు విప్పాను. సత్తవ్వ చార్టులో కింది వరుస దాకా చదివింది. తర్వాత తన వేళ్లను చాలాసేపు చూసుకుంది.

"మంచిగ కనవడుతుందా అవ్వా?"

"కనవడుతుంది. నలభై ఏండ్లు దాచిన. ఎన్నిసార్లో నోటికాడికొచ్చి ఆగింది. ఆయన గిప్పుడుంటె చెప్తుంటి, నీ నాడెనే నన్ను కొట్టిందని లొల్లి వెట్టుకుంటుంటి." ఆపరేషన్ తర్వాత పెట్టుకోమని ఇచ్చిన నల్ల కళ్లద్దాల కోసం చేయి చాపింది. "ఇగ ఎవలతోని వెట్టుకోవాలె?"

ఇప్పుడు నేను రోగులను దెబ్బ తగిలిందా అని మాత్రమే అడిగి వదిలేయను. ఏ పని చేశారు, పక్కన ఎవరు చేశారు అని కూడా అడిగి, జవాబు వచ్చేదాకా ఆగుతాను. ఆ జవాబు కొన్నిసార్లు నా కోసం దాచుకున్నది కాదు. అది వినవలసిన మనిషి లేకనే అది నా దాకా వస్తుంది.