పసుపు అంచు పోగొట్టిన డిప్లొమా

ఆ రోజుల్లో, అంటే తోటపని డిప్లొమా చేతికొచ్చిన కొత్తలో, మట్టికి కూడా పాఠం చెప్పగలనన్న ధీమా నాది. నందికొట్కూరులో ఒక నర్సరీలో చేరి మూడు నెలలయింది. మా చర్చి పాస్టరమ్మ వరండాలో ఒక స్నేక్ ప్లాంట్ ఉండేది. నిటారు ఆకులు, రెండు పక్కలా పసుపు అంచు, జరీ చీరలా ముచ్చటగా ఉండేది. పోయిన అత్తగారు ఇచ్చిందని దానికి ఆమె తప్ప ఎవరూ నీళ్లు పోయకూడదు. పాస్టర్లకు కొన్నేళ్లకొకసారి ఊరు మారడం తప్పదు కదా, వచ్చే వేసవికి వాళ్ల వంతు. వెళ్లేలోపు స్త్రీల సమాజంలోని నలభై మందికీ ఆ మొక్క తలా ఒకటి ఇవ్వాలని ఆమె కోరిక.

"పిలకలు తీసి నాటితే చాలదా పాపా?" అనింది.

"ఐదు కూడా రావమ్మగారూ. ఆకులు ముక్కలు కోసి నాటితే నలభై ఏం, యాభై వస్తాయి. నేను చదివిందే ఇది!" అన్నాను. (చదివింది సగమేనని అప్పటికి తెలియదు.) ఒక్క ఆకూ మిగల్చకుండా కోసేశాను.

ముక్కలన్నీ వేరు పట్టాయి. నెలల తర్వాత మొలకలు లేచాయి. అన్నీ ఉత్త పచ్చ! ఎరువు వేశాను, ఎండలోకి మార్చాను, ప్రార్థన కూడా చేశాను. ఒక్కదానికీ పసుపు గీత రాలేదు. చివరికి సిగ్గు చంపుకొని కాలేజీ సారుకు ఫోన్ చేశాను.

"ఆ పసుపు ఎరువుతో వచ్చేది కాదమ్మా. ఎప్పుడో ఒక మొక్కలో కొన్ని కణాలు మారిపోయి, పచ్చదనం చేసే గుణం పోగొట్టుకున్నాయి. అవి అంచున పొరగా నిల్చినాయి. ఆకు ముక్క నాటితే కొత్త మొక్క లోపలి పచ్చ కణాల్లోంచి పుడ్తాది. అంచు నిలవాలంటే దుంపతో విడదీయాల్సిందే. ఈ పాఠం చెప్పిన రోజు యాడుంటివి నువ్వు?" (మ్యాట్నీలో ఉన్నాను. సారుకు చెప్పలేదు.) "దుంప పారేయకుంటే నీళ్లు పోస్తా ఉండు. దానికొచ్చే పిలకకు అంచుంటాది."

దుంప కుండీలోనే ఉంది, కానీ ఉలుకూ పలుకూ లేదు. పాస్టరమ్మకు చెప్పక తప్పలేదు.

"పిలకలు తీయమని చెప్తే విన్యావా? మా అత్త చెట్టు అది!" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. నా ప్రాణం చచ్చిపోయింది. వీడ్కోలు రోజున పచ్చ మొక్కలే పంచింది. అందరూ మురిసిపోయారు. నా వైపు మాత్రం ఆమె చూడలేదు.

ఆమె వదిలేసి పోయిన దుంప కుండీని నేనే తెచ్చుకొని నీళ్లు పోస్తూ వచ్చాను. వాళ్లు కమలాపురం వెళ్లిన రెండు నెలలకు దుంప పక్కన ఒక పిలక తలెత్తింది, పసుపు అంచుతో! అది జానెడు ఎదిగేదాకా ఆగి, కుండీని ఒళ్లో పెట్టుకొని బస్సెక్కాను. ఆమె తలుపు తీసి, నన్ను కాదు, కుండీని చూసింది. ఆకు అంచు వేలితో తడిమి, "శానా దూరం తెచ్చినావే. లోపలికి రా, తినిపో" అనింది.

వంటింట్లో ఊరికే కూర్చోలేక ఉల్లిగడ్డలు కోద్దామని కత్తి అందుకున్నాను. ఆమె గబుక్కున లాక్కుంది.

"నువ్వు కోసింది చాల్లే పాపా!"

ఇద్దరం పగలబడి నవ్వాం. ఇప్పుడు నా నర్సరీలో చేరే కొత్త పిల్లలు అదే ధీమాతో కత్తి పడుతుంటే, ఆనాటి నాలోని పిచ్చిపిల్ల గుర్తొచ్చి కోపం రాదు, నవ్వొస్తుంది.